రొయ్యల చెరువు గట్ల మీద తిరిగే బండి: 11 వేల కిలోమీటర్లకే చైన్ సెట్ పోతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

గట్టు బండి
శుక్రవారం రాత్రి 9.40

అందరికీ నమస్కారమండి. మాది భీమవరం పక్కన. రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. పొద్దున ఆరింటికి బండి తీస్తే ఉండి, ఆకివీడు, కాళ్ళ ఊళ్ళ వైపు చెరువులు చుట్టుకుని రెండింటికి ఇంటికి చేరతాను. చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) ఎత్తి చూడటం, నీళ్ళు సీసాలో పట్టడం, రైతు చెప్పేది వినడం, మళ్ళీ బండెక్కడం. రోజుకి 70 నుంచి 80 కిలోమీటర్లు. సగం తారు రోడ్డు, మిగతా సగం ఉప్పునీళ్ళ చెరువుల గట్లే. తారు రోడ్డు అన్నానని పొడిగా ఉంటుందనుకోకండి. ముందు వెళ్ళే చేపల లారీ దారి పొడవునా కారుతూనే ఉంటుంది. ఆ నీళ్ళు మీద పడితే చొక్కా రెండు ఉతుకులకి గాని వాసన వదలదు.

బండి 2019 స్ప్లెండర్ ప్లస్, కార్బురేటర్ ఉన్నది. మూడేళ్ళ కిందట సెకండ్ హ్యాండులో కొన్నాను. ఇప్పుడు మీటర్ 97 వేల మీద ఉంది. ఇంజన్ బాగుంది, లీటరుకి 60 దాకా ఇస్తోంది, దాని మీద ఫిర్యాదు లేదు.

గొడవంతా చైన్‌తోనే. మొన్న పళ్ళ చప్పుడు వస్తుంటే మెకానిక్‌కి చూపించాను. "చైన్ పాకెట్ (చైన్, రెండు పళ్ళచక్రాలు) అయిపోయింది, మార్చేయాలి" అన్నాడు. వేయించి 11 వేల కిలోమీటర్లే అయింది. ఊరికే చెప్పట్లేదు, డైరీలో తేదీతో సహా రాసుకున్నాను. అంతకు ముందుది 13 వేలకి పోయింది. ప్రతిసారీ కూలితో కలిపి పదమూడు, పద్నాలుగు వందలు. మా బావమరిది తాడేపల్లిగూడెంలో బ్యాంకు ఉద్యోగి. అదే బండి, అదే కంపెనీ చైన్, 30 వేలు దాటించాడు. పైగా "నువ్వు బండి నడుపుతున్నావా, దున్నుతున్నావా?" అని అందరి ముందూ అడుగుతాడు.

నేను పట్టించుకోకుండా వదిలేసే రకం కాదండి. పదిహేను రోజులకోసారి వాటర్ సర్వీసింగ్ చేయిస్తాను. ప్రెజర్ పెట్టి శుభ్రంగా కొడతారు, చివర్లో డీజిల్ స్ప్రే కూడా చేస్తారు. చైన్‌కి మెకానిక్ దగ్గర డబ్బాలో ఉండే పాత ఇంజన్ ఆయిల్ పోయిస్తాను. ఇంకేం చేయాలి?

ఇంకో రెండు సందేహాలు. పొద్దున్నే బండి తీయగానే మొదటి నాలుగైదు బ్రేకులకి వెనక నుంచి గరగరమని చప్పుడు వస్తుంది, తర్వాత దానంతటదే పోతుంది. ఇది ప్రమాదమా? ఇంజన్ ఆయిల్ రెండు వేలకి మార్చమని ఒకరు, ఆరు వేలదాకా ఏం కాదని ఒకరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?


కూకట్‌పల్లి డెలివరీ
శుక్రవారం రాత్రి 10.15

అన్నా, నేను హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ చేస్తాను, రోజూ 120 దాకా తిరుగుతాను. నా చైన్ బయటికి కనిపించే రకం, కవర్ లేదు. 500 కిలోమీటర్లకోసారి చైన్ స్ప్రే కొడతాను, వాన పడిన రోజైతే ఆ రాత్రే కొడతాను. చైన్ 24 వేల కిలోమీటర్లు వచ్చింది. ఉప్పునీళ్ళ సంగతి నాకు తెలియదు.

ఆయిల్ గురించి మాత్రం నా అనుభవం చెప్తా. ఎప్పుడు మార్చాలని లెక్క పెట్టుకున్నాను గానీ, మధ్యలో ఎంత ఉందో చూడలేదు. నా పాత బండి ఆయిల్ తాగేది, పొగ కూడా పెద్దగా కనిపించలేదు. ఓ రోజు జేఎన్‌టీయూ దగ్గర ఎండలో ఇంజన్ పట్టేసింది. విప్పి చూస్తే లోపల పావు లీటరు కూడా లేదు. బోరు, పిస్టన్ కలిపి ఆ నెల సంపాదన సగం పోయింది. అప్పటి నుంచి ఆదివారం టీ తాగే ముందు డిప్ స్టిక్ తీసి చూస్తా. టీ ఎట్లాగూ మరవం కదా, అది గుర్తుకొస్తే ఇది గుర్తుకొస్తది.


పాత పానా
శనివారం ఉదయం 6.05

గట్టు బండి గారూ, మాది పాలకొల్లండి. 27 ఏళ్ళు పానా పట్టుకుని బతికాను. ఇప్పుడు షాపు మా అబ్బాయి చూస్తున్నాడు, నేను స్టూలు మీద కూర్చుని వంకలు పెడుతుంటాను. మీలాంటి చెరువుల బళ్ళు మా షాపుకి వారానికి నాలుగైదు వస్తాయి. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మీ మెకానిక్ చైన్ విషయంలో మోసం చేయట్లేదు. మీరూ అశ్రద్ధగా లేరు. మీ బండికి స్నానాలు ఎక్కువయ్యాయి, నూనె తక్కువైంది. అంతే జరిగింది.

మనవైపు ఒక అలవాటుంది. సర్వీసింగ్ అయిందా అంటే కడిగించానంటారు. కడగడం వేరు, సర్వీసింగ్ వేరు. పైగా మీ చైన్‌కి ఆ కడగడమే సగం చేటు చేస్తోంది. ఎలాగో చెబుతాను.

చైన్ సాగిందంటాం గానీ ఇనుము రబ్బరులా సాగదండి. ఒక్కో లింకులో ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్ (చిన్న గొట్టం) ఉంటాయి. ఆ రెంటి మధ్య వెంట్రుకవాసి సందు. ఆ సందులో నూనె ఉన్నంతకాలం చైన్ బతుకుతుంది. అది ఎండిపోయి అక్కడికి ఉప్పునీళ్ళు చేరితే పిన్ను తుప్పు పడుతుంది, ఆ తుప్పే ఇసకలా మారి పిన్నుని అరగదీస్తుంది. ఒక్కో దగ్గర అరిగేది కంటికి కనపడదు. వంద లింకుల అరుగుదల కలిస్తే చైన్ పొడవు పెరిగి పళ్ళ మీదికెక్కి చప్పుడు చేస్తుంది.

మామూలు నీళ్ళయితే ఎండలో ఆరిపోతాయి. ఉప్పు అలా కాదు. వానాకాలంలో ఉప్పు జాడీ మూత తీసి వదిలేస్తే పొద్దుటికి నీరుకారి ఉంటుంది చూడండి, చైన్ లోపల జరిగేదీ అదే. బండి మీ వసారాలో పొడిగా నిలబడి ఉన్నా, లోపలి ఉప్పు గాలిలో తేమని పీల్చుకుని రాత్రంతా తుప్పు పట్టిస్తూనే ఉంటుంది. మీ బావమరిది గారి బండి బ్యాంకు షెడ్డులో నిలబడుతుంది. ఆయన 30 వేలు దాటించడంలో ఆయన గొప్పేం లేదు, ఆ మాట నేనన్నానని చెప్పండి.

ఇక కవర్ సంగతి. స్ప్లెండర్‌కి చైన్ మొత్తం మూసేసే రేకు కవర్ ఉంటుంది కాబట్టి లోపలికి ఏమీ పోదని అందరి నమ్మకం. దుమ్ము వరకు నిజమే. నీళ్ళు మాత్రం పోతాయి. చక్రం వైపు సందు నుంచి బురద నీళ్ళు వెళ్ళి కవర్ అడుగున గంజిలా పేరుకుంటాయి. మీరు ప్రెజర్ వాటర్ కొట్టించినప్పుడు ఇంకొన్ని చేరతాయి. చైన్ ఆ గంజిలో మునిగి తేలుతూ తిరుగుతుంది. కడిగిన నీళ్ళు కవర్ బయట మెరుపు తెస్తాయి, లోపల ఉన్న కాస్త నూనెనీ ఊడ్చేస్తాయి.

పాత ఇంజన్ ఆయిల్ దయచేసి ఆపేయండి. అందులో మసి ఉంటుంది, గేర్ల నుంచి రాలిన ఇనుప పొడి ఉంటుంది. ఇంజన్‌కి పనికిరాదని తీసేసినది చైన్‌కి ఎలా పనికొస్తుంది? మా షాపులో కూడా ఒకప్పుడు పోసేవాళ్ళం. ఊరికే వస్తుందని పోశాం, తెలిసి కాదు. డీజిల్ స్ప్రే కూడా అంతే. గంటసేపు నల్లగా నిగనిగలాడుతుంది. తర్వాత రబ్బరు బుష్‌లు మెత్తబడతాయి, దుమ్ము అంటుకుంటుంది. అది బ్రేక్ డ్రమ్ములోకి పోతే బ్రేకు జారుతుంది. ఆ కుర్రాడికి "డీజిల్ వద్దు" అని ముందే చెప్పండి, లేదంటే చేయి అలవాటుగా పోయి కొట్టేస్తాడు.

మీరు చేయాల్సింది ఇది. నెలకోసారి కవర్ కింది సగం విప్పించి ఆ గంజి తీసేయండి. మొదటిసారి మెకానిక్ చేత చేయించి చూడండి, తర్వాత మీకే వస్తుంది. ఒక పానా, ఒక స్క్రూడ్రైవర్, అరగంట చాలు. చైన్‌ని కిరోసిన్‌లో ముంచిన పాత పెయింట్ బ్రష్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక 90 నంబర్ గేర్ ఆయిల్ పట్టించండి. పెట్రోలు వాడకండి, మంట భయం ఒకటి, ఉన్న జిడ్డంతా లాగేయడం ఒకటి. పైన గ్రీజు పూయడం కూడా దండగే, అది చిక్కగా ఉండి పిన్ను దాకా పోదు, ఇసకని మాత్రం పట్టుకుంటుంది.

మధ్యలో వారానికోసారి కవర్ విప్పక్కర్లేదు. కవర్‌కి నల్ల రబ్బరు మూత ఒకటి ఉంటుంది, అది తీసి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ, చైన్ లోపలి వైపు పడేలా చుక్క చుక్క పోయండి. నూనె డబ్బా పట్టకపోతే పాత సిరంజి వాడండి, మీ చెరువుల దగ్గర సిరంజిలకి కొదవ ఉండదు. సాయంత్రం తిరిగి వచ్చాక, చైన్ ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు పోయాలి. వేడికి పల్చబడి లోపలికి దిగుతుంది, రాత్రంతా ఇంకుతుంది. పొద్దున బయలుదేరేటప్పుడు పోస్తే సగం టైరు మీదికే చిమ్ముతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. బండి డబుల్ స్టాండు వేసి, తాళంచెవి తీసేసి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజన్ ఆన్ చేసి గేరులో వేస్తే చక్రం దానంతటదే తిరుగుతుంది, పని తొందరగా అవుతుందని మా షాపులో ఒక కుర్రాడు అలా చేశాడు. గుడ్డ చైన్‌లో చిక్కుకుంది, గుడ్డతో పాటు చూపుడువేలు. వేలి కొస తిరిగి రాలేదు. వాడిప్పుడు సొంత షాపు పెట్టుకున్నాడు, బాగానే ఉన్నాడు. కానీ చెయ్యి చూసినప్పుడల్లా నాకు ఆ రోజు అన్నం గుర్తొస్తుంది, తినలేకపోయాను.

చైన్ లూజు కూడా ఆ మూత లోంచే చూస్తారు. వేలితో పైకీ కిందికీ కదిపితే 2 నుంచి 3 సెంటీమీటర్లు ఆడాలి. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా ఉంటే ఆ చైన్ పని అయిపోయినట్టే, ఎంత బిగించినా లాభం లేదు. చప్పుడు వస్తోందని వీణ తీగలా బిగించేవాళ్ళుంటారు. మీరు కూర్చోగానే వెనక షాకులు దిగుతాయి, చైన్ ఇంకా బిగుసుకుంటుంది, బేరింగులు పోతాయి.

బిగించినప్పుడు వెనక చక్రం కాస్త వెనక్కి జరుగుతుంది కదా, దాంతో బ్రేక్ రాడ్ కూడా బిగుస్తుంది. చాలామంది ఇది మరిచిపోతారు. బ్రేకు పట్టేసి ఉండగా పది కిలోమీటర్లు నడిపితే డ్రమ్ము ముట్టుకోలేనంత కాలిపోతుంది, మైలేజీ పడిపోతుంది. చైన్ సవరించాక చక్రం ఎత్తి తిప్పి చూడాలి, తర్వాత బ్రేక్ లైటు సరిగ్గా వెలుగుతోందా అనీ చూడాలి. వెనక ఇరుసు దగ్గర రెండు వైపులా ఉండే గీతలు సమానంగా ఉన్నాయో లేదో మెకానిక్ వేలు పెట్టి చూపించేదాకా లేవకండి.

ఈసారి మార్చేటప్పుడు చైన్, పెద్ద పళ్ళచక్రం, చిన్న పళ్ళచక్రం మూడూ కలిపే మార్చండి. చైన్ ఒక్కటే మారిస్తే పాత పళ్ళు కొత్త చైన్‌ని రెండు నెలల్లో పాతది చేస్తాయి. పన్ను కొస కొడవలిలా ఒక పక్కకి వంగిందంటే అది అరిగినట్టు గుర్తు.

పొద్దుటి గరగర ప్రమాదం కాదండి. రాత్రి తేమకి డ్రమ్ము లోపల పల్చటి తుప్పు పొర పడుతుంది, నాలుగు బ్రేకులకి అది రాలిపోతుంది. మధ్యాహ్నం కూడా వస్తుంటే మాత్రం చక్రం విప్పించాలి. వెనక డ్రమ్ము పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది చూడండి. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు అది గీత దగ్గరికి వచ్చిందంటే లైనర్లు అరిగినట్టు. గట్టు దిగి నీళ్ళలోంచి వచ్చాక మాత్రం ఓ వంద మీటర్లు బ్రేకు మెల్లగా నొక్కుతూ రండి. తడి డ్రమ్ము పట్టదు. అది రోడ్డెక్కాక లారీ ముందు తెలియడం మంచిది కాదు.

ఇంజన్ ఆయిల్ సంగతి తర్వాత రాస్తాను, షాపు తీయాలి.


నర్సాపురం టీచర్
శనివారం మధ్యాహ్నం 1.20

పానా గారూ, మీరు రాసింది చదువుతుంటే మా నాన్నగారు తిడుతున్నట్టే ఉంది. నాది 110 స్కూటరండి. పేరుపాలెం వైపు స్కూలుకి రోజూ వెళ్ళొస్తాను, సముద్రం గాలే. చైన్ లేదు కాబట్టి నాకీ బాధ లేదనుకోవచ్చా? పోయిన వారం కాళ్ళ కింద మ్యాట్ ఎత్తి తుడుద్దామని చూస్తే కింద రేకు పొరలు పొరలుగా లేచి ఉంది. బండికి నాలుగేళ్ళే.


పాత పానా
శనివారం రాత్రి 8.50

టీచరమ్మా, చైన్ లేదు గానీ మీ స్కూటర్‌కీ ఉప్పు ఊరుకోదు. ఆ మ్యాట్ కింద నీళ్ళు చేరితే బయటికి పోయే దారి ఉండదు. బండి కడిగిన ప్రతిసారీ మ్యాట్ తీసి ఆరనివ్వండి. ఇప్పుడు లేచిన పొరల్ని ఇనుప బ్రష్‌తో గీకించి, రెడాక్సైడు పూయించి, పైన పెయింటు వేయించండి. ఇంకో వానాకాలం ఆగితే రేకుకి చిల్లు పడుతుంది, వెల్డింగుకి పోవాలి. మీ బండికి చైన్ బదులు లోపల బెల్టు ఉంటుంది. అది మార్చే కిలోమీటర్లు పుస్తకంలో చూసుకోండి. పుస్తకంలో ఉన్నంతవరకు తెగదు అనుకోకుండా, సర్వీసింగుకి ఇచ్చినప్పుడు మూత విప్పి పగుళ్ళు చూడమనండి. బెల్టు తెగితే ఇంజన్ మోగుతూనే ఉంటుంది, బండి కదలదు. వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ వేరే ఉంటుంది, వంద మిల్లీలీటర్ల పైచిలుకు. ఇంజన్ ఆయిల్ మార్చినవాళ్ళు దాన్ని మరిచిపోతుంటారు. మీరే అడగండి.

గట్టు బండి గారూ, ఇప్పుడు ఆయిల్. పుస్తకంలో రాసిన లెక్క మంచి రోడ్డు మీద, మామూలుగా నడిచే బండికి. ఆ పుస్తకంలోనే దుమ్ములో, బురదలో తిరిగే బండికి ముందే మార్చమని కూడా ఉంటుంది, ఆ వాక్యం ఎవరూ చదవరు. మీరు గట్ల మీద ఒకటో గేరు, రెండో గేరులో ఎండపూట గంటలు గంటలు నడుపుతారు. మీటర్ చూపించే దానికంటే ఇంజన్ ఎక్కువ తిరిగినట్టు. అందుకని 3 వేలకి మార్చండి. రెండు వేలకి అక్కర్లేదు, అలా చెప్పినవాళ్ళు ఆయిల్ అమ్ముకునేవాళ్ళయి ఉంటారు, ఏమీ అనుకోకండి. మీకు 3 వేలంటే నెలన్నర. గుర్తుండకపోతే, సీటు కింద మీటర్ అంకె రాసి టేపు అంటించండి.

10డబ్ల్యూ-30 గ్రేడు, డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్నది తీసుకోండి. కారు ఆయిల్ మిగిలిందని పోయకండి. బండిలో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, కారు ఆయిల్‌లో జారుడు ఎక్కువ ఉండేవి కొన్ని వస్తాయి, క్లచ్ జారిపోతుంది. డెలివరీ తమ్ముడు చెప్పిన ఆదివారం అలవాటు బంగారం లాంటిది. డబుల్ స్టాండు వేసి, సమంగా ఉన్న నేల మీద, రెండు మూడు నిమిషాలు ఇంజన్ తిప్పి ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి చూడాలి. స్ప్లెండర్‌కి స్టిక్ తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి తీయాలి. మర బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఆయిల్ మజ్జిగలా తెల్లగా కనిపిస్తే లోపలికి నీళ్ళు పోయినట్టు, స్టార్ట్ చేయకుండా షాపుకి తోసుకెళ్ళండి.

ఎయిర్ ఫిల్టర్ కూడా మీరే చూసుకోవాలి. ఈ బళ్ళకి వచ్చేది జిడ్డు పట్టించిన కాగితం ఫిల్టరు. దాన్ని గాలి కొట్టి శుభ్రం చేయకూడదు, కొడితే జిడ్డు చెదిరిపోయి దుమ్ము నేరుగా ఇంజన్‌లోకి పోతుంది. మార్చడమే. పాత మెకానిక్కులకి గాలి పైపు చేతిలో ఉంటే ఏదో ఒకటి ఊదకపోతే తోచదు, నాతో సహా.

గాలి మాట వచ్చింది కాబట్టి టైర్లు కూడా. ముందు 25, వెనక ఒక్కరే అయితే 28. వెనక మనిషినో మేత బస్తానో ఎక్కిస్తే ఇంకా పెంచాలి, ఆ అంకె బండి మీద స్టిక్కర్‌లో ఉంటుంది. పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. గట్టు మీద పట్టు కోసం గాలి తగ్గించుకునేవాళ్ళని చూశాను, తర్వాత తారు రోడ్డెక్కి అలాగే 60లో పోతారు. ట్యూబు వాల్వు దగ్గర కోసుకుపోయి వచ్చిన బళ్ళలో సగం ఇవే.


గట్టు బండి
ఆదివారం సాయంత్రం 5.30

గురువుగారూ, ఈరోజు కవర్ విప్పించానండి. మీరు గంజి అన్నారు, నేను నవ్వుకున్నాను. నిజంగా గంజే. అడుగున వేలు లోతు నల్లటి ముద్ద, అందులో చిన్న నత్తగుల్ల ఒకటి. చైన్‌ని నాలుగు చోట్ల చూశాను. ఒకచోట ఒక సెంటీమీటరు కూడా ఆడలేదు, దాని ఎదురు చోట నాలుగు ఆడింది. మూడూ మార్పించేశాను. మా మెకానిక్‌ని అనవసరంగా అనుమానించినందుకు టీ ఇప్పించాను, ఎందుకో చెప్పలేదు.

ఒక్క ప్రశ్న. ఉప్పునీళ్ళు పడిన రోజు కడగాలా వద్దా? కడగడం ఎక్కువైందన్నారు కదా.


పాత పానా
ఆదివారం రాత్రి 7.10

కడగాలి. ఆ రోజే కడగాలి, రేపటికి ఉంచకూడదు. నేను వద్దన్నది ప్రెజర్ గన్నూ డీజిలూ. ఇంటి దగ్గర మంచినీళ్ళు రెండు బకెట్లు, మగ్గుతో పోయండి. ఇంజన్, సైలెన్సర్ చల్లారాక పోయాలి. చక్రాల మధ్యన బేరింగుల దగ్గర, స్పీడోమీటర్ మీద, ప్లగ్గు దగ్గర నీళ్ళు కొట్టద్దు. మడ్‌గార్డు లోపలి వైపు, సైలెన్సర్ అడుగు, స్టాండ్ల దగ్గర మాత్రం బాగా పోయండి, ఉప్పు దాక్కునే చోట్లు అవే. బట్టలు ఉతికే పొడి వద్దు, అందులోనూ ఉప్పు లాంటివి ఉంటాయి. తుడిచాక ఊరికే నిలబెట్టకుండా ఒక కిలోమీటరు తిప్పి తీసుకురండి, బ్రేకులు ఆరతాయి, చైన్ వెచ్చబడుతుంది. అప్పుడు సిరంజి తీయండి.

క్లచ్ కేబుల్, ముందు బ్రేక్ కేబుల్ పై కొసలు కూడా ఓసారి వంచి చూడండి. మీవైపు బళ్ళకి చైన్ తర్వాత తెగేవి అవే. ఒక్క పోగు తెగి కనిపించినా మార్చేయండి, మిగతా పోగులు మీకు చెప్పి తెగవు. బ్యాటరీ టెర్మినల్స్ బిగించాక కాస్త వ్యాజిలిన్ రాయండి.


గట్టు బండి
40 రోజుల తర్వాత

మరిచిపోయాననుకున్నారేమో, మరవలేదండి. 2,900 కిలోమీటర్లు తిరిగాను. వారం వారం సిరంజి, నెలకోసారి కవర్. ఇప్పటిదాకా చైన్ ఒక్కసారే సవరించాల్సి వచ్చింది, అది కూడా కొత్తలో. ఇదివరకు ఈపాటికి మూడుసార్లు బిగించేవాణ్ణి. వాటర్ సర్వీసింగ్ డబ్బులు మిగిలి కేబుళ్ళు రెండూ మార్పించాను. ముందు బ్రేకుది మీరన్నట్టే రెండు పోగులు తెగి ఉంది.

నిన్న మా బావమరిది ఇంటికొచ్చాడు. ఇన్నాళ్ళ మాటలకి బదులు తీర్చుకుందామని, నీ చైన్ ఎంత ఆడుతోందో చూద్దాం పట్టమని కింద కూర్చున్నాను. ఆయన బండికి రబ్బరు మూతే లేదండి. ఆ రంధ్రంలో చీర పేలిక కుక్కి ఉంది. ఎప్పటి నుంచి అని అడిగితే, కొన్నప్పటి నుంచీ అలాగే ఉందనుకుంటా అన్నాడు. రేపు భీమవరంలో స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్తున్నాను, ఆయనకి కూడా ఒక మూత తెస్తాను. మూత ఒక్కటే విడిగా అమ్ముతారా, కవర్‌తో కలిపి కొనాలా?


పాత పానా
అదే రాత్రి

విడిగా దొరుకుతుంది. పది, ఇరవై రూపాయలకి మించి ఇవ్వకండి. ఆ పేలిక లోపలికి జారి చైన్‌కి చుట్టుకోకముందే తీయించండి.